సత్తెక్క తిట్టిన రోజు

పసుపు ఉడకబెట్టే రోజులొస్తే ఆర్మూరు గాలికే ఒక ఘాటు వస్తుంది. పొద్దున అరుగు మీద కూర్చుంటే ఆ వాసన తగిలి సత్తెక్క గుర్తొచ్చింది. మా పక్కింటి మనిషి, పసుపు కల్లాల్లో ఆడకూలీలకు మేస్త్రీ. ఆమె నోటికి జడవనివాళ్ళు మా వాడలో లేరు.

నా కళ్ళు పోయింది నా తెలివితక్కువతనం వల్లే. మక్కచేనుకు పురుగుమందు కొడుతుంటే స్ప్రేయర్ నాజిల్‌లో నలక అడ్డుపడింది. అందరూ చేసే పనే చేశాను, నోట్లో పెట్టి ఊదాను, మందు కడుపులోకి పోయింది. నిజామాబాద్ దవాఖానలో ప్రాణమైతే దక్కింది. చూపు మసగ్గా ఉందంటే, విషానికి విరుగుడుగా ఇచ్చిన ఇంజెక్షన్ల వల్లనే, నాలుగు రోజుల్లో తగ్గుతుందన్నారు. తగ్గలేదు. కంటినరం దెబ్బతిన్నదని, ఇలా ఎక్కడో ఒకరికి జరుగుతుందని తర్వాత పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ ఒక్కణ్ణి నేనే ఎందుకయ్యానని గోడవైపు తిరిగి పడుకున్నాను. చూడవచ్చినవాళ్ళంతా ఏడ్చి పోయేవాళ్ళు.

సత్తెక్క ఏడవలేదు. ఏమన్నా కనబడుతుందా అని అడిగింది. వెలుతురూ నీడా తెలుస్తాయన్నాను.

"సాలు తమ్మీ. ఎండ, నీడ తెలిస్తే పసుపు ఆరబెట్టొచ్చు. లే, పోదాం," అన్నది.

కల్లంలో ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టి, ఎండిన పసుపులో పొడుగు కొమ్ములను, గుండ్రటి గోళను వేరుచేయమంది. వారం తిరక్కుండానే చెయ్యి కుదిరిందని, ఒక్క తప్పూ పోవడం లేదని ఇంట్లో గొప్పలు పోయాను. అసలు సంగతి వేరు. నేను తప్పుగా వేసినవాటిని పక్కనున్న ఆడవాళ్ళు చప్పుడు కాకుండా తీసి సర్దుతున్నారు. ఒకరోజు సత్తెక్క అది చూసింది. నా రెండు కుప్పలూ కలిపేసి నా ముందే పోసింది. వాళ్ళనూ తిట్టింది, నన్నూ తిట్టింది.

"తప్పు పోతే గీయనకే చెప్పుర్రి. చాటుంగ సదిరితే ఎన్నడు నేర్సుకోవాలె? నువ్వు గూడ, కండ్లు పోయినయి గని చేతులు పోయినయా? మల్ల ఏరు."

సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఏరాను. పొద్దుగూకేలోగా పదిసార్లు తిట్లు తిన్నాను. దవాఖాన నుంచి వచ్చాక నా మీద కోపం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. మిగతావాళ్ళకు నామీద జాలి ఉండేది, ఆమెకు ఆశ ఉండేది. ఇవాళ నేను ఏరిన పసుపును ఎవరూ మళ్ళీ సరిచూడరు.

సత్తెక్క పోయి రెండేళ్ళయింది. ఇదంతా నేను చెబుతుంటే మా అమ్మాయి రాసింది. చదివి వినిపించమంటే, సత్తెక్క నాకు నచ్చజెప్పిందని చదివింది. "తిట్టిందంటే బాగుండది గద బాపూ, నేనే మార్చిన," అంది. నాకు ఒళ్ళు మండింది. తిట్టింది అనే రాయమన్నాను, ఆమె అన్నదంతా అన్నట్టే రాయమన్నాను. కొట్టేసి మళ్ళీ రాసేదాకా పక్కనుంచి లేవలేదు.