సీటు చిరుగులో సూది

బాన్సువాడలో పిట్లం బస్సు కదలకముందే టిఫిన్ తిందామని ఇన్సులిన్ సూది వేసుకున్నాను. కింద పడేస్తే ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని, వాడిన సిరంజిని తెలివిగా సీటు చిరుగులోకి, స్పాంజి లోపలికి దోపాను.

పక్కనున్న అవ్వ చూసింది. సిరంజి వెనక కొస పట్టుకుని పైకి లాగింది. సంచిలోంచి మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసి అందులో వేసింది. లోపల అలాంటి సిరంజిలే ఉన్నాయి.

"నాకూ షుగరే బిడ్డా. డబ్బా నిండినంక దవాఖానల ఇచ్చొస్తా. గీడ రేపు ఇంకెవరన్న కూసుంటరు గదా."

నేను తలెత్తలేకపోయాను. పిట్లంలో ఆమె నా సూదిని కూడా మోసుకుని దిగిపోయింది.

ఇప్పటికీ ఏ బస్సెక్కినా, కూర్చునే ముందు సీటు చిరుగుల్లోకి తొంగి చూస్తాను. నాలాంటివాడెవడో నాకంటే ముందు అక్కడ కూర్చుని ఉంటాడని.