కట్ తర్వాతి నవ్వులు

మా పెద్దమ్మ సినిమా ఎడిటర్. పంతొమ్మిదో ఏట, తను గురువుగారని పిలిచే దర్శకుడి దగ్గర పనికి చేరి, ముప్పై ఆరేళ్లు ఆయన సినిమాలకే అతుక్కుపోయింది. నల్ల తెరలు దించిన ఎడిటింగ్ గదిలోనే జుట్టు నెరిసింది. పెళ్లి మాట ఎప్పుడు వెనకపడిపోయిందో ఆమెకే గుర్తులేదు.

గురువుగారి చివరి కామెడీ ఎడిటింగ్‌కు వచ్చిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. జోకులన్నీ చద్దివాసన కొడుతున్నాయి.

"ఏదో ఒకటి చెయ్యి, అమ్మాయ్," అన్నారాయన గొంతు తగ్గించి. "ఇది పోతే నాకు ఇంకో సినిమా ఎవడూ ఇవ్వడు."

మూడు వారాలు కుస్తీ పట్టాక ఆమెకు ఒకటి దొరికింది. ఆయన "కట్" అన్నాక కూడా కెమెరా రెండు మూడు క్షణాలు తిరుగుతుంది. షాట్ అయిపోయిందనుకున్న హీరోయిన్, తాను చెప్పిన డైలాగుకు తనే సిగ్గుపడ్డట్టు ముక్కు చిట్లించేది. ఎదుటి నటుణ్ణి చూసి, పాపం అన్నట్టు తలాడించేది. ఒంటరిగా కూర్చున్న పెద్దమ్మ పక్కున నవ్వింది. ఆ ముక్కలన్నీ ఏరి, ఆయన గొంతు తీసేసి, సీన్ల చివర అతికించింది. ఆయన ముచ్చటపడి రాసుకున్న డైలాగులు సగం ఎగిరిపోయాయి.

మొదటి ప్రదర్శనలో హాలు విరగబడి నవ్వింది. పక్క సీట్లో గురువుగారూ నవ్వారు. కాసేపటికి మానేశారు.

"హీరోయిన్ బతికించేసింది సార్!" అంటూ నిర్మాత ఆయన చెయ్యి ఊపేశాడు.

అందరూ వెళ్లాక మెట్ల దగ్గర అడిగారాయన. "జనం నవ్విన ప్రతిచోటా నేను అప్పటికే కట్ చెప్పేశాను. అంతేనా?"

"మీరే కదా గురువుగారూ, ఏదో ఒకటి చెయ్యమన్నారు."

"తప్పనలేదే. ఎదురుగా కూర్చుని కూడా ఆ పిల్లని చూడలేకపోయాను."

"అలిసిపోయి ఉంటారు."

"అలిసిపోయినవాడు కట్ ఆలస్యంగా చెప్తాడమ్మాయ్. నేను తొందరపడ్డాను."

సినిమా ఆడింది. ఇంకోటి తియ్యమని నిర్మాత కబురు పెడితే ఆయన వద్దన్నారు. బతిమాలదామని పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లింది.

ఆయన భార్య తలుపు సగమే తీసింది. "పడుకున్నారమ్మా."

సాయంత్రం నాలుగైంది. లోపలి గదిలోంచి ఆయన దగ్గు వినిపించింది, కుర్చీ జరిపిన చప్పుడూ వినిపించింది.

"సరే అక్కయ్యా, లేపకండి," అని పెద్దమ్మ మెట్లు దిగింది.