కరెంటు లేని పూట తెరుచుకున్న చీరల సైటు

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పొద్దున్నే అద్దంలో నా మొహం చూసుకునేవాణ్ణి, నాకు దెయ్యం కొత్తగా చూపించేదేముంటుంది? అయినా ఈ ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి వెలసిన రోజులు. ధర్మవరంలో నాకూ ఒకటి ఉండేది. ఎనిమిదిలోనే బడి మానేసినవాణ్ణి, బటన్లు నొక్కి నొక్కి నేర్చుకున్నదే నా చదువు.

మా వీధి ఓబులేసన్నకు రెండు పట్టు మగ్గాలు. ఒకటి అప్పటికే ఆగిపోయింది. బెంగళూరు కొట్టాయన ఒకరు, రేపు పదకొండుకు మీ చీరలు ఇంటర్నెట్‌లో చూస్తాను, నచ్చితే ఆర్డరిస్తానన్నారు. అది రాకపోతే రెండోదీ ఆపేసి మగ్గాలు అమ్ముకోవాల్సిందే.

సైటుకు ఒక కంపెనీ దగ్గర ఇంటర్నెట్‌లో జాగా కొన్నాం. దాన్ని నడిపే కంట్రోల్ ప్యానెల్ తెరవడం నాకదే మొదటిసారి. పేజీ, ఫోటోలు ఎక్కించబోతే 'పబ్లిక్' అనే ఫోల్డర్ కనిపించింది. అన్న గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"పబ్లిక్‌లో పెడతావా? కొత్త డిజైన్లప్పా! పక్కింటోడు చూస్తే రేపటికి వాని మగ్గం మీద ఉంటాది. యాడన్నా దాపెట్టు."

కొత్త డిజైన్ మీద గుడ్డ కప్పి దాచే ఇల్లు అది. సరేనని అన్నీ వేరే ఫోల్డర్‌లో భద్రంగా పెట్టాను. సైటు తెరిచి చూడకుండానే సెంటర్ మూసేశాం.

మరునాడు తొమ్మిదికి ఊరంతా కరెంటు పోయింది. గుమ్మం దగ్గర వెలుతురులో ఆ కంపెనీ ఇచ్చిన కాగితం చదివితే అప్పుడు తెలిసింది. పబ్లిక్ ఫోల్డర్‌లో ఉన్నవే లోకానికి కనిపిస్తాయట! నా యూపీఎస్ చచ్చి నెలయింది. అన్న తల పట్టుకుని కూర్చున్నాడు.

పదకొండుంబావుకు ఫోన్ మోగింది. కొట్టాయన.

"చీరలు చూసినా. బాగున్నాయి. ఇట్లాంటివే ఇరవై కావాల."

పన్నెండున్నరకు కరెంటొచ్చింది. ప్యానెల్ తెరిస్తే అన్నీ పబ్లిక్ ఫోల్డర్‌లో ఉన్నాయి. చివరిసారి లోపలికి వచ్చింది పది నలభైకి, మా సెంటర్ లైను నుంచే అని ఉంది. పాస్‌వర్డ్ కాగితం నా జేబులోనే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే తామేమీ ముట్టుకోలేదన్నారు, ఆ టైము మన దేశపు టైమేనన్నారు. పది నలభైకి నేనూ అన్నా ఆ చచ్చిన కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నాం.

వారంలో ఆగిన మగ్గం మళ్లీ ఆడింది. ఆ పని ఎవరు చేశారో నాకు ఈనాటికీ తెలియదు. అప్పట్లో ఓబులేసన్న భార్య నారాయణమ్మ వదినను, దెయ్యమే చేసిందని బెదిరించబోయాను. పట్టుదారం చుడుతున్న ఆమె తల కూడా ఎత్తలేదు.

"ఎవురైతే ఏమప్పా? ఇంకో నాలుగు చీరలు తయారైతాండాయి. ఈసారి నువ్వు చెయ్యి పెట్టొద్దు, ఆ పొద్దు చేసిన ఆయప్పకే ఇడ్సిపెట్టు."