ఏసీ వెనక రెక్క

అమ్మకు కంట్లో పొర తీయించిన వేసవి అది. డెబ్బైల మొదట్లో. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రెండే మాటలు చెప్పాడు: కట్టు విప్పేదాకా తల కదపకూడదు, చెమట కట్టులోకి దిగకూడదు. దిగి చీము పడితే చూపు దక్కదన్నాడు. రెండో కన్ను ఏళ్ల కిందటే పోయింది. ఆమెకు మిగిలింది ఇదొక్కటే.

నాంపల్లి స్టేషను వెనక సందులో మేము అద్దెకున్న వాటా మధ్యాహ్నానికే కాగిపోయేది. పైనున్న ఫ్యాను ఆ వేడినే కిందికి తోసేది. అందుకని అబిడ్స్‌లో, ఆఫీసుల పాత సామాను అమ్మే దుకాణంలో ఒక ఏసీ కొన్నాను. కిటికీ చువ్వలు తీయించడానికి ఇంటాయనను అడగాల్సి వచ్చింది. ఆయన అఫ్జల్‌గంజ్‌లో బట్టల వ్యాపారి. సరేనన్నాడు గానీ, అరుగుమీద కూర్చున్న నలుగురి ముందూ నవ్వాడు.

"బెజవాడ ఎండల పెరిగినోళ్లకు మా హైద్రాబాద్ ఎండకు మిషన్ కావాల్నా సారూ?"

అమ్మ కన్ను సంగతి ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు ఇప్పటికీ చెప్పగలను.

ఏసీ వెనక సగం సందులోకి పొడుచుకు వచ్చింది. మా సందులో అదే మొదటిది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆగి చూసేవారు. అయినా గది చల్లబడింది. తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టుకుని వెల్లకిలా పడుకున్న అమ్మ, "ఒరే, బావి గట్టున పడుకున్నట్టుందిరా" అంది. ఆ ఒక్క మాటకు నేను పడ్డ తిప్పలన్నీ మరిచిపోయాను.

శనివారం పొద్దున కాసేపు దాన్ని ఆపి, మళ్లీ మీట నొక్కితే గుంయ్‌మని మూలిగింది. గాలి రాలేదు. చెవి ఆనించి విన్నాను. మోటారు గింజుకుంటోంది, తిరగడం లేదు. ఆపాను, వేశాను, అరచేత్తో చరిచాను. అదే మూలుగు.

సైకిలేసుకుని అబిడ్స్ వెళ్లాను. దుకాణదారు నన్ను చూసి కూడా ఇంకొకరికి టేబులు ఫ్యాను చూపిస్తూనే ఉన్నాడు. చివరికి తిరిగి, "మీ గల్లీల వోల్టేజి ఉంటదా సార్? మా మిషన్ ఏం జేస్తది?" అన్నాడు.

"మొన్నటిదాకా అదే వోల్టేజీతో తిరిగిందిగా?"

"మీ ఊరోళ్లు గిట్లనే సార్, ప్రతిదానికి లడాయి."

మెకానిక్కును మాత్రం పంపాడు, సాయంత్రానికి. అప్పటిదాకా మా ఆవిడ విసనకర్రతో అమ్మ నుదుటికి విసురుతూ కూర్చుంది. కట్టు అంచు అప్పటికే తడిసింది.

మెకానిక్కు ముందు రేకు విప్పి, మిషన్ను పెట్టెలోంచి గదిలోకి లాగాడు. బయటి పెట్టె కిటికీలోనే ఉండిపోయింది. ఒకే మోటారు, ఒక వైపు గదిలోకి గాలి కొట్టే చక్రం, రెండో వైపు సందులోకి వేడి తోసే రెక్కలు. ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. నేలమీద పెట్టి వైరు తగిలిస్తే రెండూ గిర్రున తిరిగాయి.

"చూడున్రి సార్, మంచిగనే ఉన్నది."

తిరిగి పెట్టెలోకి తోశాడు. గుంయ్.

మోటారును కదిలించే కండెన్సరు మార్చాడు. బయట తిరిగింది, లోపల ఆగింది. నూనె పోశాడు. బయట తిరిగింది, లోపల ఆగింది. "పెట్టె వంకర బోయినట్టుంది" అని సందులోకి వెళ్లి వెనక నుంచి చూసి వచ్చాడు. "పెట్టె సక్కగనే ఉన్నది. రేపు దుకాణం సేఠ్‌ను అడిగొస్త" అని వెళ్లిపోయాడు. ఆ రేపు నేటికీ రాలేదు.

మర్నాడు ఎండ ఇంకా ముదిరింది. నుదుటిమీద చెమట గుడ్డ మార్చుతుంటే అమ్మ, "కొంచెం మండుతోందిరా" అంది. అంతే, నేను చీపురు పుల్ల పట్టుకుని సందులోకి నడిచాను. పెట్టె పక్క రేకుకు సన్నటి చీలికలుంటాయి. వాటిలోంచి రెక్కను తోసి చూద్దామని.

అక్కడే వేలాడుతోంది, నిమ్మకాయా ఏడు మిరపకాయలూ, ఇనుప తీగకు గుచ్చి. శనివారం పొద్దున ఇంటావిడ కట్టింది. సందులో కళ్లన్నీ ఏసీమీదే పడుతున్నాయని, పాపం, అమ్మమీద అభిమానంతోనే కట్టింది. వస్తూ పోతూ నేనూ చూశాను. మెకానిక్కూ చూశాడు, దిష్టికి కట్టినది తగలకుండా ఒళ్లు పక్కకు వంచి మరీ చూశాడట, ఎదురింటివాళ్లు చెప్పారు. ఎవరు ముట్టుకుంటారు దాన్ని?

పుల్ల లోపలికి పోనిస్తే రెక్కకంటే ముందు ఇంకేదో తగిలింది. వంగి చూశాను. తీగ ఊడిపోకుండా ఆవిడ దాని కొనను చీలికలోంచి లోపలికి దోపి, గట్టిగా మెలితిప్పింది. ఆ కొన సరిగ్గా రెక్కకు అడ్డం. మిషన్ను లాగితే రెక్క దానికి దూరం, తోస్తే దాని మీదికి.

నిమ్మకాయ పట్టుకున్నాను. వెనక నుంచి ఇంటావిడ కేక.

"ముట్టకున్రి సారూ! దిష్టిది ముడ్తరా ఎవరన్న?"

"మీ తీగే అండీ రెక్కను ఆపుతోంది."

"గా నిమ్మకాయ ఏం జేసింది మీకు? పెద్దమ్మ కోసం కట్టిన నేను!"

"ఆ పెద్దమ్మ కట్టే తడుస్తోంది లోపల!"

మెలి విప్పి తీగ లాగేశాను. వేలు తెగింది. లోపలికి పరుగెత్తి మీట వేస్తే, రెక్కలు ఒకసారి తడబడి తిరిగాయి. అమ్మ ఊపిరి వదలడం వినబడింది. మా ఆవిడ విసనకర్ర అక్కడే పడేసి గోడకు చేరగిలబడింది.

సాయంత్రం ఇంటావిడ అరుగుమీద అందరితో చెబుతోంది: "దిష్టంత గా నిమ్మకాయే గుంజుకున్నది. అందుకే దాన్ని తీయంగనే తిరిగింది." పక్కనే ఇంటాయన తల ఊపుతున్నాడు. దుకాణదారుకు కబురు పెడితే, "నేను చెప్పిన గద మిషన్ల ఏం లేదని" అన్నాడట. ఎవరూ ఒక్క మాట, "మీరు కనిపెట్టారు సారూ" అనలేదు.

కట్టు విప్పిన రోజు డాక్టరు దళసరి కళ్లద్దాలు పెట్టి, వేళ్లు చూపించి ఎన్నని అడిగాడు. అమ్మ సరిగ్గా చెప్పింది. రిక్షాలో ఇంటికి తెచ్చాను. దిగి, సందులోంచి ఏసీ వెనక్కి చాలాసేపు చూసింది. జరిగినదంతా ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పి ఉన్నాను.

"ఏదిరా, ఆ అమ్మాయి కట్టిన నిమ్మకాయ?"

"పారేశాను."

"అయ్యో, నా కన్ను కోసం కట్టిందిరా. చూడకుండానే పారేశావా?"

ఇంటావిడ గుమ్మంలో నిలబడి వింటోంది. నా వైపు చూడనైనా లేదు. లోపలికి వెళ్లి మరో నిమ్మకాయ తెచ్చింది, తీగతో సహా. నేను చేయి చాచి తీగ లాక్కుని, మా ఇంట్లోంచి దారం తెచ్చి ఇచ్చాను. కిటికీ పైన మేకు చూపించాను. ఆవిడ కడుతుంటే అమ్మ తల పైకెత్తి, ఒక్కొక్క మిరపకాయా చూస్తూ నిలబడింది.