కదిలిన స్తంభం

నాకు పిచ్చి అని మా చుట్టాలందరూ ఏకగ్రీవంగా తేల్చి చాలా కాలమైంది. నేను కాదనలేదు. నరసరావుపేటలో మాకు ట్రాక్టర్ల స్పేర్ పార్టుల కొట్టు ఉంది. పొద్దున మా ఆయన, మధ్యాహ్నం నుంచి నేను కౌంటర్లో కూర్చుంటాం. ఆయన కూర్చున్నప్పుడు కౌంటర్ మీద పేపరు ఉంటుంది. నేను కూర్చున్నప్పుడు లెన్సులు ఉంటాయి. కొత్తవి కావు. బూజు పట్టినవి, గీతలు పడినవి, అసలు ఫోటోలు తీయడానికి పుట్టనివి. ఒకటి జిరాక్సు మెషీన్లోంచి ఊడదీసింది, ఒకటి విరిగిన బైనాక్యులర్‌లో సగం. వాటికి పీవీసీ పైపు ముక్కలు, బుష్‌లు, రబ్బరు వాషర్లు తొడిగి నా కెమెరాకు బిగిస్తాను. కొట్టుకొచ్చే రైతులు ఆసక్తిగా చూసి, "ఇది ఏ బండిదమ్మా?" అని అడుగుతారు. నాదేనంటాను.

చుట్టాలు అంత మర్యాదగా అడగరు. యాభై దాటిన ఆడమనిషికి ఇదేం పోయేకాలమని మా వదిన వరసావిడ ఒకామె నా మొహానే అంది. ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చుగా అని కూడా అంది. బంగారంలోంచి చూస్తే అవతల ఏమీ కనపడదు వదినా అన్నాను. ఆవిడ ఇప్పటికీ మా కొట్టుకు రాదు. నాకు దిగులేమీ లేదు.

మాచర్లలో మూతపడ్డ ఒక సినిమా హాలు సామానంతా పాత ఇనుము కొట్టుకు చేరిందని తెలిసి పోయినేడు బస్సెక్కి వెళ్ళాను. కుర్చీల గుట్ట వెనక ఇత్తడి గొట్టంలాంటి ప్రొజెక్టర్ లెన్సు దొరికింది. కొట్టతను దాన్ని ఇత్తడి కింద తూకం వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, తుడిచి, పైపులో బిగించి, మా కొట్టు గడపలో నిలబడి ఎదురుగా ఉన్న టీ బంకును ఫోటో తీశాను. నడిమధ్యలో టీ కాస్తున్న మనిషి మీసంలో వెంట్రుకతో సహా వచ్చాడు. అంచుల్లో ఉన్న స్కూటర్లు, బోర్డులు, కరెంటు స్తంభం మాత్రం ఎవరో గరిటె పెట్టి తిప్పినట్టు మెలి తిరిగిపోయాయి. ఆ లెన్సు తీరే అంత. మధ్యలో ఉన్నవాళ్ళకే న్యాయం చేస్తుంది.

ఆ మెలి నాకు కొత్త కాదు. ఎక్కడో చూశాను. మా ఆయన వచ్చి కొట్టు కట్టేద్దామా అని అడిగేదాకా కెమెరా వైపు చూస్తూనే ఉన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. మా పుట్టింటి హాల్లో, నేను పుట్టక ముందు నుంచీ వేలాడుతున్న ఫోటోలో చూశాను.

మా పుట్టిల్లు గురజాల దగ్గర పల్లె. అది మా అమ్మానాన్నల పెళ్ళి గ్రూపు ఫోటో. నరసరావుపేట నుంచి పిలిపించిన ఫోటోగ్రాఫర్ తీశాడు. మధ్య కుర్చీలో మా తాతయ్య, పక్కన పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, చుట్టూ బంధువులు. కుడి కొసన, వసారా స్తంభం పక్కన ఒక పడుచు మనిషి నిలబడి ఉంటుంది. చీర అంచు తెలుస్తుంది, మొహం తెలియదు. మొహం ఉండాల్సిన చోట తెల్లగా చెరిపేసినట్టు ఒక మరక. ఆవిడ మా మేనత్త, మా నాన్నకు అక్క.

మేనత్త పెళ్ళయిన ఏడాదిలోపే అత్తారింటి నుంచి తిరిగొచ్చేసింది. మళ్ళీ పోనంది. మా తాతయ్య అరిచాడు, బతిమాలాడు, అలిగాడు. ఆవిడ వినలేదు. ఎందుకొచ్చావని అడిగిన ప్రతివాళ్ళకూ "ఆడ నాకు అన్నం సరిపోలా" అని ఒకటే జవాబు. ఆ తర్వాత మా పొలం, మిరప తోట, పశువులు అన్నీ ఆవిడ చేతి మీదే నడిచాయి. మా అమ్మకు నా తర్వాత పుట్టినవాళ్ళతో తీరిక లేకపోతే నన్ను పెంచింది కూడా ఆవిడే. నాకు జడ వేసినా, వీపు మీద వేసినా ఆ చేత్తోనే.

ఇంత చేసినా ఆ ఫోటో ముందు ఆవిడ ముద్దాయే. మా ఇంటికి ఎవరొచ్చినా ఫోటో చూసి, కొసన ఎవరని అడగడం, మా వాళ్ళు నవ్వుతూ "మా అక్క. కదిలింది" అనడం నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. ఫోటోలోనూ కుదురుగా నిలబడలేదు, కాపురంలోనూ నిలబడలేదు అని ఎవరో ఒకరు అందుకునేవారు. అందరూ నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వి లోపలికి పోయేది. తర్వాత మా ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా, కెమెరా బయటికి రాగానే, నువ్వు పక్కనుండు, కదుల్తావు అనేవారు. నా పెళ్ళి ఆల్బమ్‌లో మా ఊరి కరణం గారి తమ్ముడు కూడా నాలుగు చోట్ల ఉన్నాడు. నన్ను పెంచిన మనిషి ఒక్క చోటా లేదు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం నషాళానికి అంటుతుంది.

ఆ ఆదివారమే ఊరికి వెళ్ళాను. మా అమ్మానాన్నలు ఇప్పుడు లేరు. మా అన్నయ్య, వదిన, మేనత్త ఉంటున్నారు. పాత పెంకుటిల్లు పోయి డాబా వచ్చినా ఫోటో మాత్రం హాల్లోనే ఉంది. దాన్ని దించి, అద్దం తీసి, ఎండలో నులక మంచం మీద పరిచాను. దగ్గర వస్తువులను పెద్దగా చూపే లెన్సు ఒకటి నాకుంది. దాంతో అంగుళం అంగుళం ఫోటోలు తీసి, చిన్న కంప్యూటర్‌లో పెట్టి చూశాను. నేను అనుకున్నదే నిజమైంది. మేనత్త అటు పక్కన ముగ్గులు తొక్కని చోట చాప వేసుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఇటు రమ్మని పిలిచాను.

"ఇదేందత్తా?"

"నేనే. కదిలాగా."

"నువ్వు కాదు. నీ పక్కన."

"స్తంభం."

"అది ఎట్టా ఉంది?"

మేనత్త కళ్ళద్దాలు సర్దుకుని వంగింది. చాలాసేపు చూసింది. "ఇది కూడా మెలి తిరిగిందే," అంది.

"స్తంభం కదిలిద్దా అత్తా?"

నేను ఎడమ కొస చూపించాను. అక్కడ మా నాన్నగారి మేనమామ నిలబడ్డాడు. ఆయన మీసాలు కూడా చెరిగి చెంపల మీదకు పాకాయి. ఆయన కదిలాడని మా వంశంలో ఒక్కరూ అనలేదు. పేట ఫోటోగ్రాఫర్‌కి పని రాదు, అంత మనిషి మీసాలు చెడగొట్టాడు అన్నారు. ఒకే ఫోటో, ఒకే లెన్సు, రెండు కొసలు. మగమనిషి వైపు తప్పు ఫోటోగ్రాఫర్‌ది, ఆడమనిషి వైపు తప్పు ఆడమనిషిది. అది లెన్సు చేసిన పని అని, అంచున ఎవరిని నిలబెట్టినా అట్లాగే వస్తారని మేనత్తకు వివరంగా చెప్పాను.

విని, కారం చేతులు కళ్ళకు తగలకుండా మోచేత్తో చెమట తుడుచుకుంది.

"ఆ పొద్దు నా కాలి మీదికి గండుచీమ ఎక్కిందే," అంది మెల్లగా. "కుట్టింది కూడా. కదలొద్దన్నాడు గదా అని ఊపిరి బిగబట్టి నిలబడ్డా. ఫోటో వచ్చినాక అందరూ కదిలావన్నారు. ఇంతమంది అంటున్నారు గదా, కదిలే ఉంటాననుకున్నా."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. చచ్చినవాళ్ళనీ బతికున్నవాళ్ళనీ అందరినీ వరసగా నిలబెట్టి అడగాలనిపించింది. అది కుదరదు కాబట్టి కెమెరా తీసి, ఉండత్తా, ఇప్పుడే నిన్ను ఫోటో తీస్తానన్నాను.

"ఒక్కదాన్నే వద్దు," అంది. "ఒక్కదాన్నే ఆధార్ కార్డులో ఉన్నాలే. అందర్లో తియ్యి. అందర్లో నా మొహం కనపడాల."

ఆవిడకు ఎనభై అయిదు దగ్గరపడుతున్నాయి. నన్ను ఎన్నడూ ఏదీ అడగని మనిషి అడిగిన ఒకే ఒక్క కోరిక ఇది. ఎవరు అడ్డొచ్చినా తీసి తీరతానని అక్కడే అనుకున్నాను.

అందరూ కలిసే సందర్భం రెండు నెలల్లోనే వచ్చింది. మా అన్నయ్య షష్టిపూర్తి. మా అన్నయ్య ఒకప్పుడు సర్పంచ్. మళ్ళీ నిలబడే ఆలోచన కూడా ఉంది కాబట్టి ఆ రోజు భోజనాలకు చుట్టాలతో పాటు ఊరూ వచ్చింది. గుంటూరు నుంచి వచ్చిన స్టూడియో వాళ్ళు పైన డ్రోన్ ఎగరేశారు. వాకిట్లో సోఫా వేసి, అన్నయ్యనూ వదిననూ కూర్చోబెట్టి, చుట్టూ అందరినీ పేర్చారు. ఆ ఫోటో రోడ్డు మీద ఫ్లెక్సీ వేయించాలట. మేనత్త అలవాటు ప్రకారం వంటల దగ్గర ఉండిపోయింది. ఆవిడ ఏదని ఒక్కరూ అడగలేదు.

వాళ్ళ పని అవగానే, ఎవరూ కదలొద్దని చెప్పి గేటు దగ్గర స్టాండు పెట్టి, పైపుకు బిగించిన ఇత్తడి లెన్సు తీశాను.

"పంపుసెట్టు బిగిస్తందిరా మా చెల్లి," అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. నన్ను నవ్వుకుంటే నాకేమీ కాదు, అలవాటే.

"దీంట్లో మధ్యలో కూర్చున్నవాళ్ళే బాగా వస్తారు," అన్నాను.

"మధ్యలోనే ఉన్నాగా."

"నువ్వు లేవాలన్నయ్యా. అత్త కూర్చుంటది."

నవ్వులు ఆగాయి. ఊరివాళ్ళు కూడా ఇటు చూశారు.

"ఫంక్షన్ ఎవరిదే?" అన్నాడు.

"ఫంక్షన్ నీదే. నీ ఫోటో వాళ్ళు తీశారు. ఇది నా ఫోటో."

"అత్త కదిలిద్ది. అందరిదీ పోయిద్ది."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. పొద్దున్నే గోడ మీద నుంచి దించి కెమెరా సంచిలో పెట్టుకున్న పాత ఫోటో తీసి ఆయన చేతికిచ్చి, ఎడమ కొసన మీసాలాయన్ని చూపించాను.

"ఈయన కదిలాడా?"

"ఆయనెందుకు కదుల్తాడు? అది ఫోటోవాడి తప్పు."

"మరి స్తంభం? అది కూడా కదిలిందా?"

అన్నయ్య ఫోటో కుడి కొసన చూశాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఓడిపోయిన ఎలక్షన్ రోజు ఓట్ల లెక్క కూడా ఆయన అంత దగ్గరగా చూడలేదు. ముందు మా వదిన సోఫాలోంచి లేచింది. లేచి వంటల దగ్గరికి వెళ్ళి మేనత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మేనత్త కొంగుకు చేతులు తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా నేరుగా వచ్చి సోఫా మధ్యలో కూర్చుంది. పక్కన కూర్చోమంటే అన్నయ్య మూతి ముడుచుకుని, "మీ ఇష్టం, నేను ఆ కొసన నిలబడతాలే," అని వాకిలి చివర ఆపి ఉన్న ట్రాక్టర్ పక్కకు పోయి నిలబడ్డాడు. నేను బతిమాలలేదు.

పైపు ముందుకూ వెనక్కూ జరుపుతుంటే మేనత్త మొహం కెమెరాలోకి వచ్చింది. ముందు ముక్కుపుడక, తర్వాత కళ్ళు, తర్వాత నుదుటి మీద గీతలు ఒక్కొక్కటీ. అది నా జీవితంలో నేను చూసిన అన్నిటికంటే మంచి ఫోటో. స్టాండు గట్టిగా పట్టుకున్నాను.

"కదలొద్దు," అన్నాను.

"నేను కదలనే," అంది మేనత్త. "ఈళ్ళని చూసుకో."

వారం తర్వాత ప్రింటు పెద్దది వేయించి పంపాను. మేనత్త దాన్ని పాత ఫోటో ఉన్న మేకుకే తగిలించిందట. అందరి మధ్యలో, మిగిలిన అందరికంటే స్పష్టంగా ఆవిడ ఉంది. మర్నాడు నేను కొట్లో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయిల కూతుళ్ళందరూ, అన్నయ్య కదిలాడు, అన్నయ్య కదిలాడు అని రాసి పెట్టారు.

"ఏందే ఇది? నాకసలు మొహమే లేదు. మీసం చెవుల్లోకి పోయింది."

"నువ్వు కదిలావన్నయ్యా."

"నేను కదల్లేదే. నాకు తెలీదా? ఊపిరి బిగబట్టి నిలబడ్డా."

"ఇంతమంది అంటున్నాం గదా," అన్నాను. "కదిలే ఉంటావులే."