బాపు నూనె పోసిన కంప్యూటర్

మా చిన్నప్పుడు... అంటే లాక్‌డౌన్ రోజుల్లో, నాకు పద్నాలుగేళ్ళు. సూరత్ ఉధ్నాలో మా ఒంటిగదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని కార్ల గేమ్ ఆడుతుంటే, వెనక నుంచి మా బాపు, అంటే నాన్న, అడిగాడు.

"ఏంది బిడ్డా, నీ కారు గిట్ల ఆగుకుంట ఆగుకుంట పోతుంది? పెట్రోల్ అయిపోయిందా?"

(ఇరవై నిండలేదు, నీకప్పుడే చిన్నప్పుడేంటి అనకండి. నాకు అది ఆ రెండేళ్ళలోనే అయిపోయింది.)

బాపు సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని, తెలంగాణ నుంచి వలసొచ్చిన మావాళ్ళు సాంచా అంటారు. కార్ఖానా మూతపడి, ఇంట్లో ఊరికే కూర్చోలేక, అమ్మ ఉల్లిపాయ తరిగినా వంక పెట్టేవాడు. "నీ సాంచాలు ఎప్పుడు నడుస్తయో గానీ నా పానం తీస్తున్నవ్" అని అమ్మ విసుక్కునేది.

ఆ కంప్యూటర్ కార్ఖానా ఆఫీసులో మూలన పడి ఉంటే, సేఠ్‌ను అడిగి నా ఆన్‌లైన్ క్లాసుల కోసం మోసుకొచ్చింది బాపే. క్లాసు అరగంట... మిగతా రోజంతా గేమ్!

టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా కొనే స్తోమత మాకెక్కడిది... ఆ డబ్బా పనిని కంప్యూటరే చేసేలా ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. సెకనుకు అరవై ఫ్రేములు, అంటే అరవై బొమ్మలు వస్తే కారు సాఫీగా పోతుంది. మాకు వచ్చేవి ఇరవై రెండు.

"ఇరవై రెండేనా? సాంచా గట్ల నడిస్తే సేఠ్ ఊకుంటడా? పా, పెంచుదాం" అన్నాడు బాపు.

ఇక మా ఇద్దరికీ అదే పని... నేను రిజల్యూషన్ తగ్గించాను, నీడలు తీసేశాను, వెనక నడిచేవన్నీ మూసేశాను. బాపు పక్కనే ప్లాస్టిక్ స్టూల్ మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఫ్రేములు పడిపోతే గేమ్ పాట కూడా సాగుతుంది కదా, అది వినేవాడు.

"ఇగో, గీ మలుపు కాడ మళ్ళ గుంజుతుంది. జర సూడు."

స్క్రీన్ మూలన అంకె చూస్తే నిజంగానే పడిపోయి ఉండేది! ఇరవై ఏళ్ళు సాంచాల చప్పుడు విన్న చెవులు మరి... అలా ముప్పై నాలుగు దాకా లాక్కొచ్చాం.

ఆ తర్వాత బాపు కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పాడు. లోపలంతా నూలు నుసి, గుప్పెళ్ళకొద్దీ! కార్ఖానాలో పడి ఉన్నది కదా. సాంచా తుడిచే కుంచెతో ఓపిగ్గా శుభ్రం చేశాడు. వేడి తగ్గింది, నలభై ఎనిమిది వచ్చాయి. మా కేకలకు అమ్మ పరుగెత్తుకొచ్చి "ఏమైంది, కరోనాకు మందు దొరికిందా?" అంది.

లోపలి ఫ్యాన్ మాత్రం కిర్రుమంటూనే ఉంది. ఒక మధ్యాహ్నం నేను పడుకున్నప్పుడు, బాపు సాంచాలకు పోసే నూనె బుడ్డి తీసి ఫ్యానులో పోశాడు. చుక్క కాదు... సాంచాకు పోసినట్టే ధారగా. తిరిగేది ఏదైనా కిర్రుమంటే మావాళ్ళు చేసే వైద్యం అదే.

చప్పుడు పోయింది, యాభై ఐదు వచ్చాయి. బాపు వాడంతా చెప్పుకున్నాడు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

కొన్నాళ్ళకు మా గది కిందున్న సాంచాలు మళ్ళీ నడవడం మొదలైంది. నుసి మళ్ళీ లేచింది... వచ్చి ఆ నూనెకు అతుక్కుని, నెలల తరబడి ముద్దకట్టింది. మాకు తెలియలేదు. మరుసటేడు రెండో వేవ్ మొదలైన రోజుల్లో, ఒక పొద్దున ఆట మధ్యలో కాలిన వాసన వచ్చి స్క్రీన్ నల్లగా అయిపోయింది. బాగుచేసే అతను విప్పి చూసి, "బోర్డు పోయింది... ఇందులో నూనె ఎవరు పోశారు?" అని హిందీలో అడిగి పగలబడి నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి బాపు మీద విరుచుకుపడ్డాను. "తెల్వనప్పుడు ఎందుకు ముట్టినవ్? నీకు సాంచాలు తప్ప ఏం తెల్వదు!"

"తప్పయింది బిడ్డా" అన్నాడు.

పదకొండు రోజులు నేను బాపుతో మాట్లాడలేదు. కొత్త బోర్డు కోసం బాపు రోజుకు రెండు పాళీలు పనికి పోయేవాడు. వెళ్ళేటప్పుడు రోజూ "పోయొస్త బిడ్డా" అనేవాడు. నేను గోడవైపు తిరిగి ఉండేదాన్ని.

పన్నెండో రోజుకు బాపుకు జ్వరం, ఆయాసం... అంబులెన్స్ వచ్చింది. మెట్లు దిగుతూ బాపు అమ్మతో అనడం తలుపు వెనక నుంచి విన్నాను.

"ఇంక అలిగే ఉందా? వచ్చినంక బోర్డు తెస్త... ఈసారి నూనె పొయ్యనని చెప్పు."

ఒక్క అడుగు వేస్తే గడప. నేను వేయలేదు... ఇంటికొచ్చాక మాట్లాడదాంలే అనుకున్నాను. అంత పొగరు నాకు.

బాపు రాలేదు. ముఖం కూడా చూడనివ్వలేదు మమ్మల్ని.

ఇప్పుడు నా దగ్గర మంచి లాప్‌టాప్ ఉంది. మొన్న అదే గేమ్ వేసుకున్నాను. ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే అరవై ఫ్రేములు... ఎక్కడా ఆగలేదు. ఒక్క రేసు కూడా పూర్తి చేయలేక, మూత వేసి చాలాసేపు ఏడ్చాను.

ఈ రోజుల్లో ఏదైనా పాడైతే కొత్తది కొనేస్తున్నాం, ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వట్లేదు... మీ కోసం బాగుచేయబోయి మీ నాన్న పాడుచేసిన వస్తువు ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి. కానీ నాన్న ఇంట్లోనే ఉంటే, ముందు ఆయనతో మాట్లాడి రండి... నాకు తర్వాత చెప్పొచ్చు.