ఓబులప్ప దొడ్డివాకిలి, నా పేజ్ డౌన్ మీట

రెండు ఊళ్ల మధ్య రాజీ కుదిర్చి రక్తం పారకుండా ఆపిన పెద్దమనుషులు మా కడప జిల్లాలో చాలామందే ఉన్నారు. కుదరబోయే రాజీని కంప్యూటర్ మీద ఒకే ఒక్క మీట నొక్కి తగలెయ్యబోయినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. ఆ ఘనుడు ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. పేరు సామేలు. మీకీ సంగతి చెబుతున్నది అతగాడే.

అప్పుడు నాకింకా పెళ్లి కాలేదు, బుద్ధీ రాలేదు. హైదరాబాదు పోయి వర్చువల్ టూర్ అనే విద్య నేర్చుకొచ్చాను. గది నడుమ కెమెరా నిలబెట్టి చుట్టూ ఫోటోలు తీసి, వాటిని కంప్యూటర్లో కలిపి కుట్టేస్తే, చూసేవాళ్లు కుర్చీలో కూర్చునే ఇల్లంతా తిరిగి రావచ్చు. గండికోటను అలా తీసి, స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటోకని వచ్చినవాళ్లకు కూడా బలవంతంగా చూపించి పంపేవాణ్ణి.

మౌస్ పట్టుకునేవాళ్లంటే నాకు చిన్నచూపు. అన్నీ మీటలతోనే. కుడి బాణం నొక్కితే గది కుడికి తిరుగుతుంది, ఎడమ బాణం నొక్కితే ఎడమకు. పేజ్ డౌన్ నొక్కితే తర్వాతి ఫోటోలోకి పోతాం. హోమ్ నొక్కితే మళ్లీ వీధి గుమ్మంలో ఉంటాం. హార్మోనియం వాయించినట్టు కళ్లు మూసుకుని వాయించేవాణ్ణి. ఎవరైనా చూస్తున్నారంటే ఇంకొంచెం జోరుగా వాయించేవాణ్ణి.

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికి వద్దాం. జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో ఓబులప్ప. పులివెందుల పక్కన ఇంకో పల్లెలో నాగన్న. ఇద్దరివీ చెరో గుంపు, చెరో పార్టీ. ఒకరి ఊరి మీదుగా వచ్చిన బస్సును రెండోవారు ఎక్కేవారు కాదు. అలాంటిది, ఒక ఎలక్షన్ల ముందు పార్టీలు మారే హడావిడిలో, ఒకరికి తెలియకుండా ఒకరు దూకి ఇద్దరూ ఒకే పార్టీలో పడ్డారు. కండువా కప్పించుకుని పక్కకు తిరిగి చూసుకున్నాక ఇద్దరికీ మాట పడిపోయిందట.

దూకినవాళ్లు మళ్లీ వెనక్కి దూకలేరు కదా. పెద్దమనుషులు కూర్చుని, ఓబులప్ప కొడుకు ప్రతాప్‌కు నాగన్న కూతురు శైలజను ఇస్తే పగ తెగిపోతుందన్నారు. వాళ్లకు తెలియనిదేమిటంటే, ఆ పిల్లలిద్దరూ ప్రొద్దుటూరు కాలేజీలోనే ఒకరినొకరు ఇష్టపడి, ఈ జన్మకు ఇది కాదులే అని ఏడ్చి ఊరుకున్నారు. ప్రతాప్ నా స్నేహితుడు కాబట్టి ఆ ఏడుపు సగం నా స్టూడియోలోనే జరిగింది.

పెళ్లి మాటలంటే ఆడపిల్లవాళ్లు అబ్బాయి ఇల్లు చూడాలి. నాగన్న మనుషులు ఆ ఊరి పొలిమేర తొక్కేది లేదన్నారు. అప్పుడు ప్రతాప్‌కు నేను గుర్తొచ్చాను.

"రేయ్ సామేలూ, మా ఇల్లు తీసి టీవీలో చూపించరా. ఈ సంబంధం తప్పితే మాకింక దావ లేదు," అన్నాడు.

పోయి ఇల్లంతా తీశాను. అటక దగ్గర్నుంచి అంట్లు తోమే చోటి దాకా వదల్లేదు. తీసిన మరునాడు ఓబులప్ప నన్ను పిలిచాడు.

"చూడప్పా, అన్నీ చూపించు గానీ దొడ్డివాకిలి ఉండే గది మాత్రం చూపించాకు. పగోనికి ఇంట్లోకొచ్చే దావ మనమే చూపిస్తే, రేపు ఏమన్నా అయితే యాడుంటాం?"

"అట్లే మామా," అన్నాను.

అన్నాను గానీ ఆ ఫోటో శానా బాగా వచ్చింది, తీసేయడానికి మనసొప్పలేదు. వంటింటి నుంచి ఆ గదిలోకి పోవడానికి తెర మీద పెట్టిన గుర్తును మాత్రం చెరిపేశాను. దారి మూసేశాను కదా, ఇంకెవరు పోతారు అనుకున్నాను. దారి మూసినా ఫోటో వరుసలోనే కూర్చుని ఉందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

మాటల రోజు వచ్చింది. ప్రొద్దుటూరులో ఒక కల్యాణమండపం. కొడవళ్లూ కట్టెలూ బండ్లలోనే వదిలి రావాలని ఒప్పందం. ఈ పక్క ఓబులప్పవాళ్లు, ఆ పక్క నాగన్నవాళ్లు, నడుమ పెద్ద టీవీ, టీవీ పక్కన నేను.

"మౌసు యాడప్పా?" అని అడిగాడు నాగన్న.

"మనకు దాంతో పని లేదు మామా, చూస్తాండండి," అని మీటల మీద వేళ్లు ఆడించాను.

వీధి గుమ్మం, వసారా, పడసాల అన్నీ చక్కగా నడిచాయి. నాగన్న భార్య రామలక్షుమ్మ మెడ ముందుకు చాచి చూస్తోంది.

"వంటింట్లో కొళాయి ఉందా నాయనా? నా బిడ్డ నీళ్లు మోయలేదు."

"చూపిస్తాండా అత్తా," అని వంటిల్లు చూపించాను. కొళాయి కోసం ఆమె వెతుకుతూనే ఉంది. దేవుడి గదిలోకి పోదామని నేను ఠీవిగా పేజ్ డౌన్ నొక్కాను.

దేవుడి గది రాలేదు. దొడ్డివాకిలి వచ్చింది.

ఇనప తలుపు, దానికి వేసే అడ్డగడియ, మిద్దె మీదికి పోయే నిచ్చెన, అన్నీ నిలువెత్తున నిలబడ్డాయి. ఆ పక్కన నులకమంచం మీద ఓబులప్ప కావలి మనిషి పుల్లన్న. పుల్లన్న పేరు చెబితే పసిపిల్లలు ఏడుపు ఆపుతారని చెప్పుకునేవారు. ఆ పుల్లన్న పట్టపగలు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. గోడకు ఆనించిన వేటకొడవలి మీద ఆయన బనియన్ ఆరేసి ఉంది.

"సామేలూ!" అన్నాడు ఓబులప్ప.

హోమ్ నొక్కి వీధి గుమ్మానికి పారిపోదామనుకున్నాను. తొందరలో వేలు జారి స్పేస్ బార్ మీద పడింది. అది నొక్కితే గది తనంతట తానే గుండ్రంగా తిరుగుతుంది. తలుపు, నిచ్చెన, పుల్లన్న, బనియన్. మళ్లీ తలుపు, నిచ్చెన, పుల్లన్న, బనియన్. నిదానంగా, ఎవరికీ ఏదీ తప్పిపోకుండా తిరుగుతోంది.

నాగన్న లేచాడు. ఆయన లేస్తే ఆ పక్కవాళ్లందరూ లేచారు. వాళ్లు లేస్తే ఈ పక్కవాళ్లూ లేచారు. ప్రతాప్ నా వైపు తిరిగి దండం పెట్టాడు. శైలజ తన తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను మా అమ్మ నేర్పిన ప్రార్థన మొదలుపెట్టి నడుమ మరిచిపోయాను.

"ఆపప్పా దాన్ని," అన్నాడు నాగన్న. ఆపాను. ఆయన టీవీ దగ్గరికొచ్చి కండ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇదేంది, ఇనప తలుపు పెట్టినారే? ముందు చెక్క తలుపు గదా ఉండె?"

"నీకెట్లా తెలుసు?" అన్నాడు ఓబులప్ప.

"తెలీకుండా యాడికి పోతాది? ఆ వాకిలికి ఎదురుగా మీ చీనీ తోటలో దాక్కోని దోమలకు నెత్తురు పోసినోణ్ణి నేను. ఆ పంచాయితీ ఎలక్షన్లప్పుడు నిన్ను ఏసేద్దామనే వచ్చింటిమి."

రెండు పక్కలవాళ్లూ ఒక్కసారిగా ఓబులప్ప వైపు తిరిగారు.

"మరి ఎందుకు ఏయలేదు?" అన్నాడు ఓబులప్ప, తనకేదో లోటు చేసినట్టు.

"మీయమ్మ వాకిలి తీసుకోని బయటికొచ్చె. మేం చీనీకాయలు కోసే కూలోళ్లమనుకునె. 'పొద్దు గూకినా ఈడనే ఉండారే నాయనా, తిన్నారా లేదా' అని అందరికీ సంగటి ముద్దలు పెట్టె, పప్పు పోసె. ఆ సంగటి తిన్నంక చెయ్యెట్లా లేస్తాదప్పా? చేతులు కడుక్కోని ఇంటికి పోతిమి." నాగన్న గొంతు తగ్గింది. "ఆయమ్మ పోయినప్పుడు చూసేదానికి రావాలనుకుంటి. రాలేకపోతిని."

ఓబులప్ప ఒక అడుగు ముందుకేశాడు. మీసాలు కదిలాయి. అయిపోయింది, ఇక మొదలవుతుంది అనుకుని నేను ల్యాప్‌టాప్‌ను గుండెలకు అడ్డం పెట్టుకున్నాను.

"అదా సంగతి!" అని తొడ చరిచాడు ఓబులప్ప. "ఆ పొద్దు నాకు ఒక్క ముద్ద మిగల్లేదు! మజ్జిగ తాగి పండుకొంటి! అడిగితే కూలోళ్లు తిన్నారనె మాయమ్మ. తోటలో ఆ పొద్దు కూలోళ్లే లేరే అని ఇన్నేండ్లూ అనుకుంటానే ఉండా!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. తర్వాత నవ్వనివాళ్లు లేరు. నాగన్న ఓబులప్ప భుజం మీద చెయ్యి వేశాడు. రామలక్షుమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుని, "అట్లా పెట్టే ఇంటికైతే నా బిడ్డను ఇస్తా. ఆ కొళాయి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు," అంది. ప్రతాప్ నన్ను కావలించుకుని ఏడ్చాడు. నాకైతే పోయిన ప్రాణం లేచి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు తిరిగినట్టనిపించింది.

పెళ్లి ఫోటోలు నేనే తీశాను. భోజనాల దగ్గర వెనక నుంచి ఒక బరువైన చెయ్యి నా మెడ మీద పడింది. తిరిగి చూస్తే పుల్లన్న.

"అందరికీ చూపించినావంట గదా నా ఫోటో?"

"తప్పయింది పుల్లన్న మామా," అన్నాను.

"అట్లాంటి ఫోటో నాకెవురూ తీయలేదు రా. పెద్దది చేసి పటం కట్టియ్యి," అని చెవి దగ్గరికి వంగాడు. "ఆ బనియన్ కొంచెం ఉతికినట్టు కనపడేట్లు చేస్తావా?"

ఆ సాయంత్రమే స్టూడియోకు పోయి స్క్రూడ్రైవర్‌తో పేజ్ డౌన్ మీట పీకేశాను. ఇప్పటికీ కస్టమర్లు "ల్యాప్‌టాప్‌కు పన్ను ఊడిందా అప్పా?" అని అడుగుతుంటారు. పెన్నేరు సాక్షిగా, మా అమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి ఈ సందర్భంగా ప్రకటిస్తున్నాను: బతికి ఉండగా ఎవరి ఇంటి దొడ్డివాకిలీ ఫోటో తీయను. తప్పనిసరై తీయాల్సి వస్తే, ముందు మంచం మీది మనిషిని లేపి, ఉతికిన బనియన్ తొడిగించి మరీ తీస్తాను.